బీరువాలో భాగహారం

లెక్కలంటే భయపడేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ మీద జాలిపడేవాళ్ళూ ఉన్నారు. కాని లెక్కలంటే ప్రాణం పెట్టే మనిషితో కాపురం చేసేవాళ్ళ గతి ఏమిటో ఎవరూ ఆలోచించినట్టు కనపడదు. నేను ముప్ఫై నాలుగేళ్ళు సర్కారువారి లెక్కల ఆఫీసుల్లో పనిచేసి బయటపడ్డవాణ్ణి. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూచుని దాని అంతు తేల్చినవాణ్ణి. ఆఫీసులో ఈ గుణాన్ని మెచ్చుకుని ఓ ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఇంట్లో మాత్రం ఎవరూ మెచ్చుకున్న దాఖలా లేదు.

ఇంతకీ అసలు సంగతి. మొన్న వేసవిలో మా అమ్మాయి కూతురు సెలవులకి విజయవాడ, మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. వచ్చిన మూడోనాడు దాని పేర ఓ పార్సెలు వచ్చింది. మా రోజుల్లో మనం బజారుకి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు బజారే వచ్చి మన తలుపు కొడుతోంది గదా! విప్పితే లోపల మడమలదాకా వేలాడే గౌనులాంటిది ఒకటుంది. ఖరీదు 2,400 రూపాయలట. నేను పల్లెత్తు మాట అనలేదు. నేను అనకపోయినా నా మొహం అంటుందని మా ఇంట్లో ఓ ప్రతీతి.

"అలా చూడకు తాతయ్యా! ఇది ఖరీదైంది కానే కాదు" అంది మనవరాలు. "దీన్ని అరవైసార్లు వేసుకుంటాను. 2,400ని 60తో భాగించు. నలభై రూపాయలు! బయట మంచి కాఫీ తాగితే అంతకన్నా ఎక్కువవుతుంది. చీటీ మీద వేసింది బట్ట ధర కాదు. ఒక్కసారి వేసుకోడానికి ఎంత పడిందో అదీ అసలు ధర. దీన్ని 'కాస్ట్ పర్ వేర్' అంటారు. కావాలంటే చూడు" అని ఫోను తెచ్చి నా కళ్ళజోడుకి ఆనించింది.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది.

"అదేదో అమెరికావాళ్ళు కనిపెట్టారనుకుంటున్నావేమిటే పిచ్చిపిల్లా! మీ తాతయ్య 1984లోనే కర్నూల్లో కనిపెట్టేశారు."

నవ్వు నవ్వులాగే ఉంది. కాని అందులో వేరే రంగు పోగు ఒకటి కలిసినట్టనిపించింది. మనవరాలు పసిగట్టింది. "ఏమిటి అమ్మమ్మా, ఏం జరిగింది?" అని వంటింట్లోకి పరుగెత్తింది. మా ఆవిడ చెప్పలేదు. "మీ తాతయ్యనే అడుగు. ఆయనకి అంకెలతో సహా జ్ఞాపకం ఉంటుంది" అంది.

నిజమే. అంకెలతో సహా జ్ఞాపకం ఉంది.

అప్పుడు మేం బదిలీ మీద వెళ్ళి కర్నూల్లో ఉండేవాళ్ళం. నాకు ముప్ఫై ఒకటి, మా ఆవిడకి ఇరవై ఎనిమిది. పిల్లకి రెండేళ్ళు. గద్వాల అక్కడికి ఎంతో దూరం కాదు, పొద్దున రైలెక్కి వెళ్ళి పనిచూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016లో జోగులాంబ గద్వాల అని దాని పేరుతోనే ఓ జిల్లా అయింది. అక్కణ్ణించి ఓ పెద్దాయన చీరల మూట భుజాన వేసుకుని నెలకోసారి మా వీధికి వచ్చేవాడు. అరుగు మీద దుప్పటి పరిచి, మూట విప్పి, చీర వెనక చీర పరుస్తూ, అగ్గిపెట్టెలో పట్టే చీర నేసినవాళ్ళం మేమని కథలు చెప్పేవాడు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరేవారు. కొనేవాళ్ళు తక్కువ, చూసేవాళ్ళు ఎక్కువ. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

గద్వాల చీర ఎరగనివాళ్ళకి ఓ మాట చెప్పాలి. దానికి ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకీ పట్టుకీ మధ్య అతుకు పెట్టి కుట్టడం ఉండదు. మగ్గం మీదే పోగుకి పోగు కలిపి నేస్తారు. అంచేత చూసేవాళ్ళకి పట్టుచీర, కట్టుకున్నవాళ్ళకి నూలుచీర. మన ఎండలకీ మన సరదాలకీ ఇంతకన్నా మంచి రాజీ మరోటి లేదు.

రెండు నెలల్లో తెనాలిలో మా బావమరిది పెళ్ళి. మా ఆవిడ ఓ చీర ఎంచింది. 480 రూపాయలు. "ఆరు వాయిదాల్లో ఇవ్వండమ్మా, నెలకి ఎనభై" అన్నాడు పెద్దాయన. నా జీతం అప్పట్లో వెయ్యికి కాస్త అటూ ఇటూ. మా ఆవిడ చీర ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసింది.

నేను వద్దనలేదు. ఈ సంగతి ఇన్నేళ్ళుగా గర్వంగానే చెప్పుకుంటూ వచ్చాను. పెళ్ళాం చీర అడిగితే వద్దనే మొగుళ్ళు మోటువాళ్ళు. నేను జేబులోంచి పెన్సిలు తీసి, పాత కవరు వెనక లెక్క వేశాను.

"చూడూ, ఇలాంటి చీర ఏడాదికి రెండుసార్లు కడతావు. పదేళ్ళు మన్నుతుందనుకో. ఇరవైసార్లు. 480ని 20తో భాగిస్తే 24. ఒక్కపూట కట్టుకోడానికి ఇరవై నాలుగు రూపాయలన్నమాట!"

ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది అంతకు ముందటి ఏడే, 1983లో. అంచేత ఊళ్ళో ఎవరు ఏ ఖర్చు మాట ఎత్తినా బియ్యంలోకి మార్చి చెప్పడం ఓ అలవాటుగా ఉండేది. "సర్కారు బియ్యం లెక్కన పన్నెండు కిలోలు" అని కూడా చేర్చాను. చేర్చి, పాఠం బాగా చెప్పిన మేష్టారిలాగా చూశాను.

మా ఆవిడ ఆ కవరు తీసుకుని చూసింది. "సరే లెండి" అంది. చీర మడిచి మూటలో పెట్టేసింది. ఆ మడత చూసి పెద్దాయన, "నేసినోళ్ళం మేము కూడా ఇట్ల మడత వెయ్యలేమమ్మా" అన్నాడు.

ఆ తరవాత ఈ నలభయ్యేళ్ళల్లో తనకి ఫలానా చీర కావాలని ఆవిడ నన్ను అడిగిన జ్ఞాపకం లేదు. నేను దాన్ని పొదుపరితనం అనుకున్నాను. నా శిక్షణే అని కూడా లోపల్లోపల మురిశాను.

అంతా విని మనవరాలు కాసేపు ఆలోచించింది.

"భలే చిత్రంగా ఉంది తాతయ్యా! లెక్క ఒక్కటే. నేను కొనడానికి వేశాను, నువ్వు కొనకుండా ఉండడానికి వేశావు."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆఫీసువాళ్ళు చేసే పనే చేశాను. పూర్తి వివరాలతో నివేదిక తయారు చేద్దామన్నాను. మనవరాలు నోటు పుస్తకం తెచ్చి ఐదు గడులు గీసింది. వస్తువు, కొన్న ఏడు, ధర, ఎన్నిసార్లు, ఒక్కసారికి ఎంత. బీరువా తలుపులు బార్లా తీశాం. కలరా ఉండల వాసనతోపాటు నలభై ఆరేళ్ళ కాపురం బయటికి వచ్చింది.

మొట్టమొదట చేతికి తగిలింది నా సూటు. 1979 మే నెలలో మా పెళ్ళికి మా మామగారు కుట్టించింది. కుట్టించింది అనడం కన్నా, నేను అలక పాన్పు మీద కూచుని కుట్టించుకున్నది అనడం న్యాయం. ఉన్ని సూటు. తెనాలి. మే నెల! ఆ రాత్రి విందులో నేను చెమటతో తడిసిపోతూ నిలబడి ఉంటే, కొత్త అల్లుడు బిడియపడుతున్నాడనుకున్నారు. దాని ఖరీదు 520 రూపాయలు. వేసుకున్నది మూడుసార్లు. పెళ్ళి విందుకి, ఫొటో స్టూడియోకి, బావమరిది పెళ్ళికి. ఒక్కసారికి 173 రూపాయల 33 పైసలు.

"ఏ పెళ్ళికీ? అమ్మమ్మకి చీర కొననన్నావే, ఆ పెళ్ళికా?" అంది మనవరాలు.

"అది నేను కొన్నది కాదమ్మా. మామగారి ఖర్చు. నా ఖాతాలోకి రాదు."

"ఎవరు కొన్నారన్న గడి లేదు తాతయ్యా" అని అంకె వేసేసింది.

రెండోది ఊదారంగు టెరిలిన్ చొక్కా. ఈ టెరిలిన్‌ని 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు. మా దాకా వచ్చేసరికి అది గుడ్డ కాదు, హోదా. చిరగదు, ముడత పడదు, ఇస్త్రీ అడగదు. లోపలికి గాలినీ రానివ్వదు. 1977లో 90 రూపాయలు పెట్టి కుట్టించుకుని, ధనుర్మాసం చలిలో మాత్రం తొడుక్కునేవాణ్ణి. లెక్క చూస్తే నలభై అయిదుసార్లు తేలింది. ఒక్కసారికి రెండు రూపాయలు. ఈనాటికీ కొత్తదానిలాగే మెరుస్తోంది. గుడ్డ మన్నడం వేరు, మనిషికి పనికిరావడం వేరని దాన్ని చూస్తే తెలుస్తుంది.

మూడోది కాగితంలో చుట్టి ఉంది. విప్పితే తెల్లటి పంచె. మా నాన్నగారిది. పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, నలక లేకుండా చేసి, చేత్తో వడికి నేస్తారు. ఆ దవడకి దువ్వెన పళ్ళలాగా సన్నటి పళ్ళుంటాయి. అంత సన్నపు పని మరో పనిముట్టుతో కాదంటారు. అలాంటి పంచెల జత 1968లో మా నాన్నగారు ఖాదీ భండారులో కొనుక్కున్నారు. ఒకటి పండగలకి కట్టుకునేవారు. రెండోది "మంచిది, ఉండనీ" అని దాచారు. 1986లో ఆయన పోయారు. దాచింది దాచినట్టే ఉంది. మడత కూడా విప్పలేదు.

"ఎన్నిసార్లు తాతయ్యా?" అంది మనవరాలు కలం పట్టుకుని.

"సున్నా."

"సున్నాతో భాగించకూడదుగా!"

అవును. చిన్నప్పుడు మా లెక్కల మేష్టారూ అదే చెప్పారు. ఎందుకు భాగించకూడదో బోర్డు మీద ఏదో రుజువు కూడా చూపించారు. నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. ఆ పంచె చేతిలో పట్టుకుని నిలబడితే అయింది. ధర గడి, ఆఖరి గడి రెండూ ఖాళీగా వదిలేశాం. పంచెని మళ్ళీ కాగితంలో చుట్టాను.

ఇలా లాభం లేదని నా అసలు ఆయుధం బయటికి తీశాను. తెల్ల పాప్లిన్ చొక్కా. 1991లో గుడ్డకీ కుట్టుకూలికీ కలిపి 135 రూపాయలైంది. వారానికి రెండుసార్లు, ఏడాదికి 104, తొమ్మిదేళ్ళు. అక్షరాలా 936 సార్లు ఆఫీసుకి వేసుకున్నాను.

"ఒక్కసారికి పద్నాలుగు పైసలు!" అన్నాను, దర్బారులో పద్యం చదివినట్టు. "చూశావా? బట్ట వాడకం అంటే ఇదీ!"

మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మరి సబ్బో?" అంది.

"సబ్బేమిటి?"

"936 సార్లు తొడుక్కున్నారంటే 936 సార్లు ఎవరో ఒకరు ఉతికుండాలిగా! సబ్బు, నీలిమందు, గంజి, ఇస్త్రీకి కరెంటు. తక్కువలో తక్కువ అర్ధరూపాయి వేసుకోండి."

మనవరాలు టకటకా వేసేసింది. 468 రూపాయలు. చొక్కా 135, దాన్ని తెల్లగా ఉంచడం 468! ఉతికిన చేతులకి కూలి కట్టలేదు. కట్టమని ఆవిడా అడగలేదు.

"ఆరో ఏట దాని కాలరు అరిగిపోయింది. మీకు గుర్తుందా?" అంది.

"లేదే! బాగానే ఉండేదే!"

"బాగానే ఉండేది. మెడ దగ్గర పీచులు లేస్తే కుట్లు విప్పి, కాలరు తిరగేసి, లోపలి వైపు పైకి వచ్చేలాగా మళ్ళీ కుట్టాను. మీరు పొద్దున్నే తొడుక్కుని వెళ్ళిపోయారు."

నేను చొక్కా కాలరు వెలుగుకి పెట్టి చూశాను. నిజమే. మడత కింద, ఎవరికీ కనపడనిచోట, అరిగిన వరస ఉంది. దాని పక్కనే చీమల బారులాంటి కుట్లు ఉన్నాయి. ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఆ మాటకొస్తే తొడుక్కున్నవాడికే ఇన్నేళ్ళూ తెలియలేదు.

కాలరు తిరగెయ్యకపోతే ఆ చొక్కా ఆరేళ్ళకే పోయేది. అంటే 624 సార్లు. అప్పుడు ఒక్కసారికి ఇరవై ఒక్క పైసల పైచిలుకు. మిగతా 312 సార్లూ నేను వేసుకున్నవి కావు, ఆవిడ వేయించినవి. ఇన్నాళ్ళూ భాగహారంలో కింద ఉన్న అంకె నా గొప్పతనమే అనుకున్నాను. ఆ అంకెని నిలబెట్టిన మనిషి గంజి వారుస్తూ పెరట్లో ఉంది.

అప్పటికే నా గొంతు తగ్గింది. ఇక ఆవిడ చీరల వంతు. ఓ మంగళగిరి నేతచీర ఉండాలి, అది కనపడలేదు. "అది ఇంకా బీరువాలో ఎందుకుంటుంది!" అంది మా ఆవిడ. 1996లో 310 రూపాయలకి కొన్నది. వారానికోసారి చొప్పున ఎనిమిదేళ్ళు, సుమారు నాలుగొందలసార్లు కట్టింది. ఒక్కసారికి 78 పైసలు. కొంగు నీరసించాక కట్టడం మానేసింది.

"మానేశాక పారేశావా?" అంది మనవరాలు.

"పారెయ్యడమేమిటే? 2005లో నువ్వు పుడితే నీకు ఉయ్యాల కట్టింది దాంతోనేగా! కొత్తగుడ్డ పసిపిల్లలకి గీసుకుంటుంది. నాలుగొందల ఉతుకులు పడ్డ నూలైతే వెన్న. నువ్వు లేచి ఏడిస్తే ఆ చీరలోనే ఊపేదాన్ని. తరవాత బొంతలో ఓ పొరైంది. ఆ బొంతా చిరిగాక మంచి ముక్క చూసి మసిగుడ్డ చేశాను."

మనవరాలు కలం ఎత్తింది, దించింది. "దీనికి ఎన్నిసార్లని వెయ్యను?" అంది. ఎవరూ చెప్పలేదు. కాసేపాగి ఆ గడిలో అడ్డంగా ఓ గీత గీసి ఊరుకుంది.

పెళ్ళినాటి కంచిపట్టు చీర కూడా లేదు. దాని సంగతి నాకు తెలుసు. తెలుసనుకున్నాను. గద్వాల చీర మూటలోకి వెళ్ళిపోయాక మా ఆవిడకి పట్టుచీర అంటే అదొక్కటే మిగిలింది. పెళ్ళిళ్ళకీ అదే, వ్రతాలకీ అదే. ఇరుగుపొరుగు పిల్లల పెళ్ళిచూపులకి అరువు ఇచ్చిందీ అదే. ఆ చీరలో కూచున్న పిల్లలకి రెండు సంబంధాలు కుదిరాయి. వాటిని ఎవరి ఖాతాలో రాయాలో నాకిప్పటికీ తెలియదు. అన్ని బరువులు మోసి మోసి చివరికి మడతల దగ్గర పట్టు విరిగింది. 1998లో పాత జరీ కొనేవాడు వస్తే 650 రూపాయలకి ఇచ్చేసి, ఆ డబ్బుతో ప్రెషర్ కుక్కరు కొంది. ఆ పూట మేం తిన్న పప్పు కూడా ఆ కుక్కర్లో ఉడికిందే.

అప్పుడు నేను అడగకూడని ప్రశ్న అడిగాను. అడిగినవాడు లెక్కల మనిషి, మొగుడు కాదు.

"అయితే ఆ గద్వాల చీర కొని ఉంటే, ఇప్పటికి ఒక్కసారికి ఎంత పడేదంటావు?"

"మూడు రూపాయలు" అంది మా ఆవిడ.

కాగితం లేదు. పెన్సిలు లేదు. వేళ్ళు మడవడం కూడా లేదు.

"మీరు ఏడాదికి రెండుసార్లు అన్నారు. మీకు పెళ్ళిళ్ళే కనపడ్డాయి. వరలక్ష్మీ వ్రతం, దసరా, సంక్రాంతి మీ లెక్కలో లేవు. ఈ మూడూ, ఎవరింట్లోనో ఓ పెళ్ళో పేరంటమో ఒకటీ. ఏడాదికి నాలుగు. నలభయ్యేళ్ళు. నాలుగు నలభైలు నూటఅరవై. 480ని 160తో భాగిస్తే మూడేగా!"

చీర నలభయ్యేళ్ళు మన్నేదా అని అడగబోయాను. చేతిలో ఉన్న కాలరు చూసి నోరు మూసుకున్నాను.

"ఎప్పుడు వేశావు ఈ లెక్క?" అన్నాను.

"ఏటా వేస్తూనే ఉన్నాను. మొదటి ఏడు 120 ఉండేది. రెండో ఏడు 60. పదోయేటికి పన్నెండుకి దిగింది. ఏటికేడాదీ చవకవుతూ వచ్చింది" అని నవ్వి, పాలు పొంగుతాయంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కొనని చీర ఏటికేడాదీ చవకవుతుందన్న సంగతి ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ నన్ను నిందించి ఉంటే నాలుగు మాటలు నేనూ అని ఉందును. జీతం ఎంత, ఇంటద్దె ఎంత, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది ఎంత, అన్నీ చెప్పి ఉందును. అవన్నీ నిజాలే. కాని ఆవిడ నిందించలేదు. నా లెక్కతోనే, నా కన్నా జాగ్రత్తగా, నలభయ్యేళ్ళు లెక్క వేసుకుంది. భాగహారంలో పై అంకె అంగడివాడు వేస్తాడు. దాన్ని మనం మార్చలేం. కింది అంకె మాత్రం బట్ట కొనేనాటికి ఇంకా పుట్టి ఉండదు. అది ఒక మాట ఇవ్వడం. నేను ఆవిడ తరఫున ఆవిడనడక్కుండా తక్కువ మాట ఇచ్చేశాను. మనవరాలు తన తరఫున ఎక్కువ మాట ఇచ్చుకుంది. సెలవులయ్యేలోపల ఆ గౌను మూడుసార్లు వేసుకుని, నాలుగోసారి బీరువాలో తగిలించింది. ఏమమ్మా అంటే, ఫొటోలు ఫోనులో అందరూ చూసేశారు, మళ్ళీ అదే వేసుకుంటే బావుండదంది. తనే నోటు పుస్తకం తీసి 800 అని వేసుకుంది. అబద్ధపు లెక్క రాయలేదు, మా వంశమే.

రెండు నెలల తరవాత మా ఊళ్ళో చేనేత ప్రదర్శన పెట్టారు. నేను ఆవిడకి చెప్పకుండా వెళ్ళాను. తీరా వెళ్ళాక, 1984లో ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న చీర రంగేమిటో జ్ఞాపకం రాలేదు. ధర జ్ఞాపకం ఉంది, వాయిదా జ్ఞాపకం ఉంది, రంగు లేదు. మనవరాలికి ఫోను చేస్తే అది వాళ్ళ అమ్మమ్మకి ఫోను చేసి, మాటల్లో పెట్టి, రాబట్టి, మళ్ళీ నాకు చెప్పింది. వంగపండు రంగు ఒళ్ళు, పసుపు అంచు. దొరికింది. 7,200 రూపాయలు.

ఇంటికొచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అంచు వేలితో తడిమి చూసింది. అతుకు కోసం వెతుకుతున్నట్టు తడిమి, లేదని నిశ్చయం చేసుకుంది. తరవాత ధర చీటీ చూసింది.

"ఇప్పుడెందుకండీ? నాకు అరవై తొమ్మిది. ఏడాదికి నాలుగుసార్లు కడతాననుకున్నా, ఇంకెన్నేళ్ళు? మీరే భాగించండి."

జీవితంలో మొదటిసారి నాకు లెక్క వెయ్యడానికి చెయ్యి రాలేదు. కింద వెయ్యాల్సిన అంకె తెలియక కాదు, దాన్ని ఊహించడం ఇష్టం లేక.

"దాచిపెడదాం లెండి. దాని పెళ్ళికి పెట్టొచ్చు" అంది.

నేనేమీ మాట్లాడలేదు. బీరువాలోంచి కాగితం చుట్ట తీసి, నాన్నగారి పంచెని ఆ చీర పక్కన మంచం మీద పెట్టాను. ఆవిడ రెండింటినీ చూసింది. చీరని బీరువాలో పైఅరలో పెట్టింది. తాళం మాత్రం వెయ్యలేదు.

ఆ తరవాత వరలక్ష్మీ వ్రతం వచ్చింది, కట్టలేదు. దసరా వచ్చింది, కట్టలేదు. నేను అడగలేదు. అడిగితే మళ్ళీ లెక్క వస్తుంది.

పింఛను తీసుకునే మావంటివాళ్ళం ఏటా ఓసారి, బతికే ఉన్నామని రుజువు ఇచ్చుకోవాలి. వెనక అయితే కాగితాల మీద సంతకాలు, సాక్షులు. 2014లో జీవన ప్రమాణ్ అని వచ్చాక వేలిముద్ర వేస్తే చాలు, ఇంట్లో కూచునీ చెయ్యొచ్చు. నేను మాత్రం ఆఫీసుకే వెళతాను. పాతమిత్రులు కనిపిస్తారు. ఎవరు కనిపించలేదో కూడా తెలుస్తుంది. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంది. నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ గదిలోంచి వచ్చింది.

వంగపండు రంగు ఒళ్ళు, పసుపు అంచు.

"అదేమిటి, పింఛను ఆఫీసుకి గద్వాల చీరా?" అన్నాను.

"బతికే ఉన్నామని చెప్పడానికేగా వెళుతున్నాం. ఇంతకన్నా శుభకార్యం ఏముంటుంది?" అంది కుచ్చెళ్ళు సవరించుకుంటూ.

ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి చూసి, "పెళ్ళికాండీ?" అన్నాడు. "అలాంటిదే నాయనా" అంది మా ఆవిడ.

సాయంత్రం ఇంటికొచ్చి నోటు పుస్తకంలో ఆ చీర ఎదురుగా ఓ నిలువుగీత గీశాను. ఇంతలో ఆవిడ చీర మార్చుకోకుండానే సంచీ తీసుకుని కూరగాయలకి బయల్దేరింది. అది రెండోసారి కిందికి వస్తుందా, మొదటిసారిలోనే కలుస్తుందా అన్నది తేలలేదు. మనవరాలికి ఫోను చేసి అడగాలి.